పెళ్లిపందిట్లో పట్టాలెక్కిన కెమేరా

రోలుగుంట: పెళ్లి వీడియో అంటే ఒకప్పుడు భుజాన కెమేరా, వెనకాల లైటు పట్టుకున్న కుర్రాడు, ఆ వెలుగుకి కళ్లు చికిలించే పెళ్లికూతురు. ఇప్పుడలా కాదు. సినిమా చూసినట్టు ఉండాలంటున్నారు. దృశ్యం జీలకర్ర-బెల్లం పళ్లెం దగ్గర మొదలవ్వాలి. మెల్లగా పక్కకి జరుగుతూ, పూలదండల వెనకనుంచి వచ్చి పెళ్లికొడుకు ముఖం దగ్గర ఆగాలి. కెమేరా చేత్తో పట్టుకుని నడిస్తే అది కుదరదు. అడుగు పడినప్పుడల్లా బొమ్మ ఎగురుతుంది. అందుకొక చిన్న బండి కావాలి. మీటరు లోపు పొడవున్న పట్టాలు, వాటిమీద కెమేరాను మోసే పలక, దాన్ని లాగే మోటారు, ఎంత లాగాలో మోటారుకి చెప్పే చిప్పు. వీడియో తీసేవాళ్లు దీన్ని స్లైడర్ అంటారు.

కంపెనీ సరుకు బజార్లో దొరుకుతుంది. డబ్బుంటే కొనుక్కోవచ్చు. కాని రోలుగుంట, రావికమతం, మాడుగుల లాంటిచోట స్టూడియో పెట్టుకున్నవాడి అసలు కష్టం కొనడంలో లేదు, బాగుచేయించుకోవడంలో ఉంది. ముహూర్తం రాత్రి రెండు గంటలకి అనుకోండి. పన్నెండింటికి బండి మొండికేసింది. లోపల ఏముందో తెలియదు. మూత విప్పితే గ్యారంటీ పోతుంది. విశాఖ వెళ్లి బాగుచేయించుకు రావాలంటే ఒక రోజు పోతుంది. మాంగల్యధారణ మళ్లీ తీయడానికి వీల్లేదు కదా! అదే తన చేత్తో చేసుకున్న బండి అయితే ఏ తీగ ఎక్కడికి వెళ్లిందో తనకి తెలుసు. సంచిలో నాలుగు విడిభాగాలు పడేసుకుంటే పావుగంటలో మళ్లీ నడిపించవచ్చు. ఇంట్లో చేసుకున్న స్లైడరుకి ఉన్న విలువ అది. చవక అన్నది ఆ తరవాతి మాట.

సినిమా ట్రాలీకి తమ్ముడు

కెమేరాను కదిలించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో జొవాన్ని పాస్త్రోనే అనే దర్శకుడు 1914లో విడుదలైన ‘కబీరియా’ చిత్రానికి కెమేరాను చక్రాల బండిమీద పెట్టి సెట్టు మధ్యకి నడిపించాడు. దానికాయన పేటెంటు కూడా తీసుకున్నాడు. తరవాత ప్రపంచమంతా అదే దారి పట్టింది. మన తెలుగు సినిమాల్లో ట్రాలీ అనేది ఇదే. 1978లో విడుదలైన ‘మరో చరిత్ర’ నాటినుంచి విశాఖ, భీమిలి తీరాల్లో షూటింగు చూసినవారికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఇసుకమీద పట్టాలు పరిచి, చెక్క మీద కెమేరాను, కెమేరామన్‌నూ కూర్చోబెట్టి, ఇద్దరు ముగ్గురు మనుషులు తోసేవారు.

స్లైడర్ ఆ ట్రాలీని చేటంత చేసిన రూపం. తోసే మనుషుల పని మోటారు చేస్తుంది. మనిషి చెయ్యి ఎంత అలవాటైనదైనా ఒకచోట తొందరపడుతుంది, ఒకచోట జంకుతుంది. మోటారుకి ఆ బాధ లేదు. పది సెకన్లలో జరగమంటే పది సెకన్లు, గంటలో జరగమంటే గంట.

లోపల ఉన్నదేమిటి?

ముందు మోటారు సంగతి. ఫ్యాను మోటారు స్విచ్చి వేస్తే గిర్రున తిరుగుతుంది, ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఇక్కడ వాడేది స్టెప్పర్ మోటారు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు టిక్కు టిక్కుమని ఒక్కొక్క మెట్టే జరిగినట్టు ఇదీ మెట్టు మెట్టుగా తిరుగుతుంది. ఒక చుట్టు పూర్తి కావడానికి 200 మెట్లు. ‘నెమా 17’ అనే కొలత మోటారు ఈ పనికి సరిపోతుంది. దాని ముఖం 42 మిల్లీమీటర్ల చదరం. త్రీడీ ప్రింటర్లలో ఉండేదీ ఎక్కువగా ఇదే కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది.

మోటారు ఇరుసుకి 20 పళ్ల చిన్న పుల్లీ. ఆ పళ్లలో కూర్చునే బెల్టుకి 2 మిల్లీమీటర్లకొక పన్ను. అంటే మోటారు ఒక చుట్టు తిరిగితే కెమేరా 40 మిల్లీమీటర్లు జరుగుతుంది. మోటారుకీ చిప్పుకీ మధ్య డ్రైవర్ అనే చిన్న పలక ఉంటుంది. అది ఒక్కొక్క మెట్టునీ మళ్లీ 16 ముక్కలు చేస్తుంది. అప్పుడు చుట్టుకి 3,200 చిన్న మెట్లు. మిల్లీమీటరుకి 80 అన్నమాట. 80 సెంటీమీటర్ల పట్టాల మీద ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లడానికి 64 వేల మెట్లు పడతాయి. కదలిక మనకి మెట్లుగా కనబడదు. నూనె మీద జారినట్టుంటుంది.

ఈ 64 వేల మెట్లని లెక్కపెట్టేది మైక్రోకంట్రోలర్. వేలెడంత చిప్పులో ఇమిడిన గణనయంత్రం అది. ఇలాంటి పనులకి ఎక్కువమంది వాడేది ఆర్డ్వినో. దీని కథ కూడా ఇటలీదే. ట్యూరిన్‌కి దగ్గర్లోని ఇవ్రేయా అనే ఊళ్లో ఒక డిజైను విద్యాసంస్థ ఉండేది. అక్కడ హెర్నాండో బరగాన్ అనే కొలంబియా విద్యార్థి తన చదువులో భాగంగా ‘వైరింగ్’ అనే పలక తయారుచేశాడు. ఆ బాటలోనే మాసిమో బంజీ, మరికొందరు కలిసి 2005లో ఆర్డ్వినో తెచ్చారు. ఎలక్ట్రానిక్స్ చదవనివారు కూడా వాడుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. వెయ్యేళ్ల కిందట, 1002లో, ఆ ఊరి ఏలిక ఆర్డ్వినో ఇటలీకి రాజయ్యాడు. ఆ రాజు పేరుతో ఊళ్లో ఒక బారు ఉండేది. వీళ్లు సాయంత్రాలు కూర్చునేది అక్కడే. యంత్రానికి ఆ పేరే పెట్టేశారు.

పేరుకంటే ముఖ్యమైనది వాళ్లు చేసిన ఇంకో పని. ఆ పలక పటాన్ని దాచుకోలేదు. ఎవరైనా చూసి చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు అన్నారు. అందుకే ఈవేళ అదే పటంతో చేసిన పలకలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. ‘యూనో’ అనే రకం 2010లో వచ్చింది. దాని చిప్పు సెకనుకి కోటీ 60 లక్షల టిక్కులు కొడుతుంది. ప్రోగ్రాం దాచుకోవడానికి దాని పొట్టలో ఉన్న చోటు 32 కిలోబైట్లు. మీ సెల్‌ఫోనులో ఒక్క ఫొటోకి కూడా చాలదు. బండిని అటూ ఇటూ నడపడానికి మాత్రం అది చాలినంత.

చెరకు నుంచి చక్రం

ఇక పలక, మోటారు బిగించే దిమ్మ, బెల్టు పట్టుకునే కొక్కెం. వీటిని ఇనపరేకుతో కోసుకోవచ్చు, టేకుచెక్కతో చేసుకోవచ్చు. ఇప్పుడు ఎక్కువమంది త్రీడీ ప్రింటరుతో అచ్చు వేయించుకుంటున్నారు.

ఇది కాగితం మీద అచ్చు కాదు. జంతికల గొట్టం చూశారు కదా! పిండి నొక్కితే తీగగా దిగుతుంది, చేయి తిప్పితే వలయం మీద వలయం పడుతుంది. ప్రింటరు చేసేదీ అదే. ప్లాస్టిక్ తీగ సుమారు 200 డిగ్రీల వేడిమీద కరిగి సన్నటి ముక్కులోంచి దిగుతుంది. ముక్కు అటూ ఇటూ కదులుతూ ఒక పొర వేస్తుంది, దానిమీద ఇంకో పొర. పొర మందం 0.2 మిల్లీమీటర్లు ఉంటే 4 సెంటీమీటర్ల ఎత్తున్న వస్తువుకి 200 పొరలు. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ 2005లో ‘రెప్‌రాప్’ అనే పథకం మొదలుపెట్టి, తన భాగాలు తానే అచ్చు వేసుకోగల ప్రింటరు చేయాలని పూనుకున్నాడు. ఆయన కూడా పటాలన్నీ బయటపెట్టాడు. లక్షల ఖరీదు చేసే యంత్రం కుర్రకారు బల్లమీదకి రావడానికి అదే పెద్ద కారణం.

ఈ ప్లాస్టిక్కులో ఎక్కువగా వాడేది పీఎల్ఏ. పెరుగు పులిసినప్పుడు పుట్టే లాక్టిక్ ఆమ్లాన్ని గొలుసుకట్టుగా పేరిస్తే వచ్చేదే ఇది. ఆ ఆమ్లాన్ని చక్కెర పులియబెట్టి తీస్తారు. చక్కెర మొక్కజొన్న పిండిదైనా సరే, చెరకుదైనా సరే. గోవాడకి చెరకు తోలిన మన రైతులు ఈ మాట కాస్త ఆగి వినదగ్గది. థాయ్‌లాండ్‌లోని రయాంగ్‌లో చెరకు చక్కెర నుంచి ఏటా 75 వేల టన్నుల పీఎల్ఏ తీయగల ఫ్యాక్టరీ 2018లో మొదలైంది. మన దేశంలో బలరాంపూర్ చీనీ మిల్స్ ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటిది కడతామని 2024లో ప్రకటించింది. చెరకుకి పంచదార, బెల్లం కాక ఇంకో దారి ఉందన్నమాట.

అయితే ఇక్కడే ఒక తిరకాసు. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మన పెళ్లిళ్ల కాలం ఏది? వైశాఖం, జ్యేష్ఠం. నడి ఎండాకాలం. అద్దాలు ఎత్తిన కారులో, రేకుల షెడ్డు కింద, తారురోడ్డు పక్కన ఆగిన వ్యానులో సామాను ఎంత వేడెక్కుతుందో అందరికీ తెలిసిందే. నల్లరంగు భాగమైతే మరీను. మోటారు దిమ్మ ఒక వైపుకి వాలితే బెల్టు వదులవుతుంది, పళ్లు జారతాయి. పైగా పనిచేసే మోటారు కూడా బాగా వేడెక్కుతుంది. కాబట్టి మోటారు దిమ్మని పీఎల్ఏతో వేయించడం మన ఎండలకి తగని పని. పీఈటీజీ అనే రకం సుమారు 80 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ఏబీఎస్ నూరు పైదాకా ఓరుస్తుంది, కాని అచ్చు వేయడం కష్టం, వాసన కూడా ఎక్కువ. పీఈటీజీయే మేలు. చేయించేటప్పుడు ఈ ఒక్కమాట అడగకపోతే మొత్తం బండి ఒక్క మధ్యాహ్నంలో పాడైపోవచ్చు.

ఇంకోమాట. వెదురు నిలువునా తేలిగ్గా చీలుతుంది, అడ్డంగా నరకాలంటే చెమట పడుతుంది. పొరలుగా పేర్చిన వస్తువు కూడా పొరల మధ్య తేలిగ్గా విడిపోతుంది. బరువు పడే వైపు పొరలు ఊడేలా కాకుండా, అడ్డంగా పట్టుకునేలా వస్తువుని తిప్పిపెట్టి వేయించాలి. లోపల పూర్తిగా నింపక్కర్లేదు. తేనెపట్టులా గదులు గదులుగా ఉంటే తేలికగానూ గట్టిగానూ ఉంటుంది. ఒక స్లైడరుకి కావలసిన భాగాలన్నీ కలిపి పావుకిలో ప్లాస్టిక్కు దాటవు.

ప్రింటరు కొనక్కర్లేదు. విశాఖలో గ్రాముల లెక్కన అచ్చు వేసి ఇచ్చేవాళ్లున్నారు. నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబుల పేరుతో 2016 నుంచి దేశంలో సుమారు పదివేల పాఠశాలలకి ఇలాంటి పరికరాలు సమకూర్చింది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు వాటిమీద పని చేయవచ్చు. అలాంటి పాఠశాలలో చదివే పిల్లవాడు ఇంట్లో ఉంటే వాడినే అడగవచ్చు. మామయ్య స్టూడియోకి మేనల్లుడు భాగాలు వేసిపెట్టడం కంటే మంచి పాఠం ఏముంటుంది?

పట్టాల దగ్గర పొదుపు వద్దు

డబ్బు మిగుల్చుకుందామని చాలామంది 8 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలు రెండు తీసుకుంటారు. 80 సెంటీమీటర్ల దూరంలో రెండు కొసలా ఆనించి మధ్యలో రెండు కిలోల కెమేరా పెడితే అవి రెండున్నర మిల్లీమీటర్ల వరకూ కిందికి వంగవచ్చు. కంటికి కనబడకపోవచ్చు గాని, వీడియోలో పందిరి గుంజలు ఒరిగి లేచినట్టు కనబడుతుంది. అదే 12 మిల్లీమీటర్ల కడ్డీ అయితే వంపు ఐదో వంతుకి తగ్గిపోతుంది. ఒకటిన్నర రెట్లు లావెక్కితే ఐదు రెట్లు బలం. రైతుకి కాడి, నాగలిదుంప సంగతి తెలుసు కాబట్టి ఇది చెప్పక్కర్లేదు. కడ్డీల బదులు గాడి ఉన్న అల్యూమినియం కమ్మీ, దానిమీద తిరిగే ప్లాస్టిక్ చక్రాలు కూడా వాడవచ్చు. మట్టిరోడ్ల దుమ్ముకి ఇవే మెరుగు. గుండ్ల బేరింగులో దుమ్ము చేరితే కరకరమంటుంది, చక్రాన్నయితే గుడ్డతో తుడిస్తే సరి.

విద్యుత్తు సంగతి మరీ సుళువు. ఈ బండికి కావలసింది 12 ఓల్టులు. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో మామూలుగా ఉండేది 12 ఓల్టులు, 8 ఆంపియర్-గంటల బ్యాటరీయే! స్లైడర్ సుమారు ఒక ఆంపియరు తీసుకుంటుందనుకున్నా అయిదారు గంటలు నడుస్తుంది. పందిట్లో కరెంటు పోయినా బండి ఆగదు. ధనం, రుణం తీగలు తారుమారు చేయకుండా, మధ్యలో ఫ్యూజు పెట్టుకుంటే చాలు.

ముహూర్తానికి ముందు చూడవలసినవి

ప్రోగ్రాం చేసే పని చెప్పుకుంటే చాలా చిన్నది. మీట నొక్కితే బయలుదేరు, మెల్లగా వేగం అందుకో, చివర్లో మెల్లగా తగ్గి ఆగు. ఈ ‘మెల్లగా’ అన్నది మరిచిపోతే మాత్రం మోటారు మొదట్లోనే ఎగిరిపడి మెట్లు తప్పుతుంది, చివర్లో కెమేరా ఊగుతుంది. ఎద్దుల బండి తోలేవాడు కూడా ఒక్క అదిలింపుతో పరుగు పెట్టించడు కదా. 80 సెంటీమీటర్లు 20 సెకన్లలో దాటాలంటే సెకనుకి 3,200 మెట్లు. యూనో పలక మీద మామూలుగా వాడే ప్రోగ్రాంలకి హద్దు సుమారు నాలుగు వేలు. అంతకంటే తొందరపెట్టాలంటే మెట్లని 16 కాక 8 ముక్కలే చేయమనాలి. రెండు కొసలా చిన్న స్విచ్చి ఒక్కొక్కటి ఉండి తీరాలి. బండి తాకగానే మోటారు ఆగుతుంది. లేకపోతే లెక్క తప్పిన రోజున కొసదాకా వెళ్లి గుద్దుకుంటుంది.

చప్పుడు ఇంకో తంటా. చవక డ్రైవర్ పలకలు మోటారు చేత సన్నగా కూత పెట్టిస్తాయి. సన్నాయి మోగుతున్నప్పుడు వినబడదు. అప్పగింతల వేళ అందరూ మాటలేక నిలబడ్డప్పుడు వినబడుతుంది. ‘ఏటి బాబూ, ఆ దోమ కూత?’ అని పెద్దాయన ఎవరో అనక మానరు. టీఎంసీ 2208 లాంటి పలక పెడితే ఆ గోల దాదాపు పోతుంది. ఖర్చు కొంచెం ఎక్కువ, అయినా పెట్టదగిన ఖర్చే.

డ్రైవర్ పలక మీద చిన్న స్క్రూ ఉంటుంది. మోటారుకి వెళ్లే కరెంటు హద్దు అది. ఎక్కువ తిప్పితే మోటారు కాలుతుంది, తక్కువైతే బండి మధ్యలో జారుతుంది. కరెంటు ఉండగా మోటారు తీగ ఊడబీకితే పలక అక్కడికక్కడే చచ్చిపోతుంది. సంచిలో ఇంకోటి ఉంచుకోమన్నది ఇందుకే.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. బండిని నేలమీద పడుకోబెట్టి వాడినంతసేపూ మోటారు బలం దండిగా సరిపోతుంది. కొందరు పట్టాలు నిలువుగా నిలబెట్టి కెమేరాను పైకి లేపాలని చూస్తారు. మోటారు బరువుని పట్టుకునేది కరెంటు ఉన్నంతసేపే. తీగ ఊడితే కెమేరా రాయిలా పడుతుంది. కింద పిల్లలు ఉంటారు, దీపం ఉంటుంది. బెల్టుతో నడిచే బండిని నిలువుగా వాడకూడదు. ఎవరెంత అడిగినా వాడకూడదు.

ఇంతా చెప్పాక ఒకమాట దాచకూడదు. టంకం పట్టుకోవడం రానివాడు, స్క్రూ బిగించే ఓపిక లేనివాడు, పెళ్లి ఇంకా వారం ఉందనగా ఇది మొదలుపెట్టకూడదు. అలాంటివాడు అద్దెకి తెచ్చుకోవడమే మేలు. స్లైడరు మీద ఉండే కెమేరా, లెన్సు ఖరీదు స్లైడరుకి ఎన్నో రెట్లు. మొదటి పదిరోజులూ కెమేరా బదులు అంతే బరువున్న ఇసుక సంచి పెట్టి నడిపి చూడాలి. సంచి పడకపోతే కెమేరా పెట్టవచ్చు.

కొండల్లో మబ్బులు

పెళ్లిళ్లు లేని నెలల్లో ఈ బండి మూలన పడి ఉండక్కర్లేదు. రోలుగుంట నుంచి నర్సీపట్నం మీదుగా ఘాటు ఎక్కితే లంబసింగి. అవతల పాడేరు దగ్గర వంజంగి. 2022లో జిల్లాలు విడిపోయి మనం అనకాపల్లిలో, అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో పడ్డాయి గాని దారి మారలేదు. చలికాలం తెల్లవారుజామున లోయలో మబ్బు పాలకడలిలా నిలిచి, పొద్దు పొడిచాక కరిగిపోతుంది. దాన్ని గంటసేపు వీడియో తీస్తే ఎవరూ చూడరు. పది సెకన్లకొక ఫొటో చొప్పున గంటకి 360 ఫొటోలు తీసి, సెకనుకి 24 చొప్పున పరుగెత్తిస్తే 15 సెకన్లలో మబ్బు పొంగి, పొర్లి, విడిపోతుంది. ఫొటోకి ఫొటోకీ మధ్య మన బండి రెండుంపావు మిల్లీమీటర్లు జరిగితే గంటలో 80 సెంటీమీటర్లూ అయిపోతాయి. చిప్పుకి ఇది తేలిక లెక్క. జరుగు, ఆగు, వణుకు తగ్గేదాకా ఒక సెకను చూడు, ఫొటో తియ్యి, మళ్లీ జరుగు. మనిషి చేత్తో చలిలో 360 సార్లు చేయలేడు. చెరకు మొలక, వరి ఈనిక, కొండకర్ల ఆవలో తెల్లవారడం, అన్నీ ఇలాగే తీయవచ్చు.

కొండ మీద మంచు మాత్రం మనిషినే కాదు, యంత్రాన్నీ పట్టుకుంటుంది. లెన్సు చల్లబడితే తడి అద్దుకుంటుంది, 360 ఫొటోలూ పాలిపోతాయి. లెన్సు చుట్టూ వెచ్చటి పట్టీ కట్టాలి. పట్టాలు పొడిగుడ్డతో తుడవాలి. ఆర్డ్వినో పలకని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించాలి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది కనక కెమేరాకి రెండోది ఒకటి చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచుకోవాలి.